కాక అడిగిన ఇరవై నిమిషాల పని

మొన్న ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే మా సంఘం వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది, కాక ప్రభువునందు నిద్రించాడని. గుండెపోటు. తెల్లవారుజామున దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. అమ్మ చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని అట్లాగే మంచం మీద కూర్చుండిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, నా మీద నాకే.

కాక మాకు రక్తసంబంధీకుడు కాదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో పంపులకూ యంత్రాలకూ కావాల్సిన రబ్బరు రింగులు, వాషర్లు, నీళ్లు కారకుండా ఆపే సీళ్లు తయారుచేసేవాడు. మా సంఘంలో పెద్ద. ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేవాడు, అందరూ పోయాక మడతపెట్టేవాడు. నాన్న పోయాక మా ఇంటి మంచిచెడ్డలు అడిగింది ఆయనొక్కడే. ఆయన చేతులకు ఎప్పుడూ కాలిన రబ్బరు వాసన ఉండేది. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే ఆ వాసన ఇంటిదాకా మా వెంట వచ్చేది.

పోచారంలో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడిన ఏడాది, ఇక ఎవరి దగ్గరా చేయను, సొంతంగా వెబ్‌సైట్లు తయారుచేస్తానని ఉప్పల్‌లోని మా రెండు గదుల ఇంట్లో ప్రకటించాను. ప్రకటించానేగానీ, మూడు నెలలు నేను చేసిందల్లా నా సొంత వెబ్‌సైటే. లోగో మార్చడం, రంగులు మార్చడం, మళ్లీ మొదటికి రావడం. క్రిస్మస్‌లోపు పని దొరక్కపోతే మేనమామ చెప్పిన కాల్ సెంటర్‌లో చేరతానని అమ్మకు మాట ఇచ్చాను. రోజులు లెక్కపెట్టుకుంటూ మళ్లీ లోగో మార్చేదాన్ని.

ఒక ఆదివారం చాప కొస నాకిచ్చి, తానొక కొస పట్టుకుని కాక అడిగాడు. "పని ఏడిదాంక వచ్చింది బిడ్డా?"

"నా వెబ్‌సైట్ ఇంకా కొంచెం ఉంది కాకా."

"మూడు నెలలసంది బోర్డుకే రంగులేసుకుంట కూసున్నవ్. షట్టర్ ఎప్పుడు లేపుతవ్?"

నేను ముఖం ముడుచుకున్నాను. ఆయన నవ్వాడు. "సరే, నాది చెయ్యి. ఖరాబైతే నా దుకాణమే గదా ఖరాబయ్యేది."

పది రోజుల్లో చేసి పట్టుకుపోయాను. నాకున్న తెలివంతా అందులో కుమ్మరించాను. తెరవగానే పసుపు హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఒక విదేశీ అమ్మాయి, వెనకాల అద్దంలా మెరిసే ఫ్యాక్టరీ. కాక కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఈ పిల్ల మన దగ్గర ఎప్పుడు చేరింది బిడ్డా? హాజరు పట్టీల పేరు లేకపాయె!"

యంత్రం దగ్గరున్న పనివాళ్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ల్యాప్‌టాప్ మూసేస్తుంటే కాక ఆపాడు. "గుస్స చెయ్యకు. రేపు పొద్దుగాల వచ్చి గీడ కూసో. కంప్యూటర్ తేకు. ఉట్టిగ కూసో, సాలు."

మర్నాడు రేకుల షెడ్డులో స్టూలు మీద ఉట్టిగనే కూర్చున్నాను. వచ్చినవాళ్లెవరూ పార్టు నంబరు చెప్పలేదు. ఒకాయన చేతిరుమాలులో చుట్టుకొచ్చిన తెగిపోయిన రింగు బల్లమీద పెట్టి, "గిదే కావాలె," అన్నాడు. ఇంకొకాయన జేబులోంచి తీసిన ముక్కకు ఇంకా బురద ఉంది. దూరంనుంచి ఫోన్ చేసేవాళ్లకు కాక ఒకటే మాట చెప్పాడు. "ఫోటో తీసి పంపు. పక్కకు అగ్గిపెట్టె పెట్టి తియ్యి. లేకుంటే నాకు సైజు ఎట్ల ఎర్కైతది?"

నా వెబ్‌సైట్లో నేనొక ఫారం పెట్టాను. పేరు, కంపెనీ, పార్టు నంబరు, రింగు లోపలి వ్యాసం, బయటి వ్యాసం అంటూ ఎనిమిది గళ్లు. దానికోసం రెండు రోజులు కష్టపడ్డాను. ఆ స్టూలు మీదినుంచి చూస్తే, దాన్ని నింపే మనిషి ఈ భూమ్మీద లేడని తెలిసిపోయింది.

ఇంటికొచ్చి అన్నీ తీసేశాను. హెల్మెట్ అమ్మాయి పోయింది, ఫారం పోయింది. ఒక అగ్గిపెట్టె బొమ్మ, దాని పక్కన రబ్బరు రింగు, కింద 'ఇట్లా ఫోటో తీసి పంపండి' అని ఒక్క బటన్. నాలుగో రోజు కాక ఫోన్ చేసి ఎంత గట్టిగా అరిచాడంటే, పక్క గదిలో అమ్మకూ వినబడింది. "దమ్మాయిగూడ కెల్లి ఎవరో గిర్నీ ఆయన పంపిండు బిడ్డా! ఆయనెవరో నాకు తెల్వనే తెల్వదు! అగ్గిపెట్టె గూడ పెట్టిండు!"

ఆ పిండిగిర్నీ ఆయన తమ్ముడికి మల్కాజిగిరిలో ఫర్నిచర్ దుకాణం. నా రెండో పని అదే. అక్కడా ముందు ఒకరోజు ఉట్టిగ కూర్చున్నాను. క్రిస్మస్‌కు ముందే మూడో పని కూడా వచ్చింది. అమ్మ మళ్లీ కాల్ సెంటర్ ఊసెత్తలేదు. ఇప్పటికీ కొత్త పని ఏది వచ్చినా మొదటి రోజు కంప్యూటర్ తీసుకుపోను. దానికి వాళ్లు వింతగా చూస్తారు. చూడనీ.

ఇక నా కోపం సంగతి. పోయిన వానాకాలం కాక ఒక చిన్న పని అడిగాడు. "అక్షరాలు జర పెద్దగ చెయ్యి బిడ్డా. నా కండ్లకు ఆన్తలేవు. గా బూడిద రంగేంది, ఉపాసమున్నోళ్ల లెక్క సన్నగ!"

సన్నటి బూడిదరంగు అక్షరాలు అప్పట్లో వెబ్‌సైట్లు చేసే మాకు ఫ్యాషన్. సరే కాకా, వచ్చే వారం అన్నాను. ఆ వారం ఎవరికో డెడ్‌లైన్. తర్వాతి వారం ఇంకెవరికో. ఆరాధన అయ్యాక కనబడినప్పుడల్లా నేనే ముందు, "మర్చిపోలేదు కాకా," అనేదాన్ని. ఆయన ఒక్కసారీ నిష్ఠూరమాడలేదు. "నీకు తీరిక లేదంటే నాకు మస్తు సంతోషం బిడ్డా. నాదేముంది, ఎప్పుడన్న చెయ్యి," అన్నాడు. నాకు మొదటి పని ఇచ్చిన మనిషిని అందరికన్నా చివర నిలబెట్టాను. ఆయన తిట్టినా బాగుండేది.

సమాధి కార్యక్రమం నుంచి వచ్చిన సాయంత్రం కూర్చుని అక్షరాలు పెద్దవి చేశాను, నల్లగా మార్చాను. ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు ఏడ్చాను.

కాక ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘం పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. కాక భార్యను మేమట్లాగే పిలుస్తాం. వెబ్‌సైట్ తెరిచి కాక ఫోన్ ఆమె చేతికిచ్చాను. చిన్నమ్మ కళ్లద్దాలు లేకుండానే, పైకి చదువుతూ పోయింది. "పంపు సీళ్లు... మోటరు వాషర్లు... మంచిగ కనవడ్తున్నయి బిడ్డా. ఉంటె ఆయన గూడ సదువుకుంటుండె."

చదువుతూ చదువుతూ అడుగున నేను పెట్టిన షెడ్డు ఫోటో దగ్గర ఆగింది. అందులో రబ్బరును అచ్చుల్లో నొక్కే పెద్ద ప్రెస్సు యంత్రం నిండుగా ఉంది, ఓ మూలన బొటనవేలి గోరంత కాక. 'నన్నేమన్న కొంటరా? మిషన్ మొత్తం రావాలె,' అని కాక నన్ను వెనక్కి వెనక్కి జరిపి తీయించుకున్న ఫోటో అది. అసలు ఫోటో ఉన్న నా పాత ఫోన్ ఎప్పుడో పోయింది. మిగిలింది ఈ చిన్నదే.

"అక్షరాలు పెద్దగ చేసినవ్ గదా. ఈయన్ని గూడ జర పెద్దగ చెయ్యరాదు బిడ్డా?"

అంతకన్నా పెద్దగా చేయడం కుదరదని నా నోటితో చెప్పలేకపోయాను. చిన్నమ్మే రెండు వేళ్లతో ఫోటోను సాగదీసింది. ఇంకా సాగదీసింది. కాక ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. ఆమె కాసేపు అర్థంకానట్టు చూసి, ఫోన్‌ను చెయ్యి చాపినంత దూరం జరిపి, కళ్లు చికిలించింది. అంత దూరంనుంచి చూస్తే ఆయనే. చెయ్యి నొప్పి పెడుతున్నా చిన్నమ్మ ఫోన్ దించలేదు.