నలభై ప్రశ్నల ప్రకాశం

మా డోన్‌లో డాక్టరు ప్రకాశం గారు నలభై ప్రశ్నలు అడగనిదే ఎవరి నాడీ పట్టరు. ఇంగ్లీషు మాత్ర, ఆయుర్వేద చూర్ణం, ఆసనాలు అన్నీ ఇస్తారు గానీ, ముందు మనిషి ఎట్లాంటివాడో తేలాలి. పక్కనే మందుల అంగడి పెట్టుకున్న నాకు ఆయన చీటీల కోసం ఎదురుచూసీ చూసీ సగం జుట్టు నెరిసింది.

ఒకసారి గిడ్డయ్య కుంటుకుంటూ వచ్చాడు.

"కోపమొస్తే అరుస్తావా, మూతి ముడుచుకొని పండుకుంటావా?" అన్నారు డాక్టరు గారు.

"కాల్లో ముల్లు దిగింది సామీ."

"ముల్లు యాడికీ పోదులే. చెప్పు."

"ఇప్పుడైతే అరిచేట్టుండా."

అది కూడా శ్రద్ధగా రాసుకున్నారు.

2006లో మా అమ్మ రాజ్యలక్ష్మమ్మకు బాగాలేకుండా పోయేదాకా నాకిదంతా వినోదమే. ఎద బరువు, నిద్ర లేదు, రెండు ముద్దలకే చేయి కడిగేస్తుంది. కర్నూలులో గుండె పరీక్షలన్నీ చేయించాం. రిపోర్టులు బాగున్నాయి, అమ్మే బాగాలేదు. రోజురోజుకూ చిక్కిపోతుంటే భయమేసి, ఆ నలభై ప్రశ్నల ముందే కూర్చోబెట్టాను.

పదిహేడో ప్రశ్న వచ్చింది. "పొద్దున్నే లేచి మొదట ఏం పని చేస్తావమ్మా?"

అమ్మ తన ఖాళీ చేతులకేసి చూసుకుంది. "నాకేం పనుండాదప్పా. కోడలు చీపురు గూడా ముట్టనీదు. కూర్చో అత్తా అంటాది. కూర్చుంటాండా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మను కూర్చోబెట్టడమే మర్యాదని నేనూ నా భార్య సుచరితా రెండేళ్లుగా మురిసిపోతున్నాం.

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. "నాకు కండ్లు సరిగా ఆనడం లేదమ్మా. మిగతావి నువ్వే చదువు."

అమ్మ తడబడుతూ చదివింది. ముప్పయ్యో ప్రశ్నకు గొంతు పెరిగింది.

"రేపట్నుంచి వచ్చి అందరికీ నువ్వే చదవాల. లేకుంటే ఈ ఆస్పత్రి మూసుకుంటా," అన్నారాయన. చీటీలో మాత్రం ఒక్క చూర్ణమే రాశారు.

నెల తిరిగేసరికి అమ్మ కడుపునిండా తింటోంది. ఒకరోజు అంగడిలో దుమ్ము చూసి నన్ను చెడామడా తిట్టింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గారు అంగడికి వచ్చి, ఒక మాత్రల అట్టను వెనక్కి తిప్పారు. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి.

"దీని గడువు పోయిన నెలే అయిపోయిందే," అన్నారు.

ఆ అక్షరాలు చీమ తలంత ఉన్నాయి. నేను ఆయన మొహంకేసి చూశాను.

"ఏమప్పా?"

"ఏం లేదు సార్."

పక్కన ఆస్పత్రిలో నుంచి అమ్మ గొంతు ఖంగుమని వినిపించింది. "నలభై అయినాయి గిడ్డయ్యా. ఇంతకీ పొద్దున ఏమన్నా తిన్నావా?"

"అది కాయితంలో లేదు కదమ్మా."

"నేను రాసుకుంటాలే. చెప్పు."