రెండో డిస్కు

కళ్ళద్దాల షాపాయన పెళ్ళికి ముందు నుంచీ పోగేసిన పాటలన్నీ అరచేయంత హార్డ్‌డిస్కులో ఉన్నాయి. దానికో జంట కూడా ఉంది. ఒకటి ఆయనింట్లో, రెండోది ఊరికి ఆ చివర చెల్లెలింట్లో. ఇల్లు కాలినా, మునిగినా, దొంగలు పడినా పాటలు బతకాలి కదా! ప్రతి ఆదివారం కొత్త పాటలెక్కించిన డిస్కును అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి, చంటిపిల్లలా గుండెకి హత్తుకుని బస్సెక్కుతాడు. చెల్లెలి గడప మాత్రం తొక్కడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, రెండు డిస్కులూ క్షణమైనా ఒకే కప్పు కింద ఉండకూడదు. వానొచ్చినా సరే, ఆవిడే పాతది పట్టుకుని గేటు బయటికి రావాలి. "రోడ్డు మీద లారీ గుద్దితే రెండూ పోవా?" అన్నాడోసారి చెల్లెలి మొగుడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న ఆదివారం గేటు దగ్గరికి రాగానే వంటింట్లోంచి పాట వినిపించింది. ఆయన కాలు దానంతటదే తాళం వేసింది. "ఏం పాటమ్మా అది? భలే ఉందే!"

"నీ డిస్కులోదే అన్నయ్యా. రోజూ పెట్టుకుంటాను. నువ్వు వినలేదా?"

"వినడానికి తీరికేది? ఎక్కించడానికే టైం చాలట్లేదు," అని ఆగి, ఉలిక్కిపడ్డాడు. "దాచమని ఇస్తే వాడేస్తున్నావా?"

నిప్పునీ, నీళ్ళనీ, దొంగల్నీ ఊహించాడు గానీ ఇది ఊహించలేదు. రెండో డిస్కు మకాం ఇప్పుడు వాళ్ళ పెద్దత్తయ్య ఇంట్లో. ఆవిడకి బ్రహ్మచెవుడు.