వెంకటరావమ్మగారికి బజ్జీల మీద పగ

వెంకటరావమ్మగారికి కోపం వస్తుంది అనడం తప్పు. కోపం ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుంది, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. పెదకాకాని బస్టాపు ఎదురుగా ఆవిడ మందుల షాపు. దగ్గుమందు అడిగితే, "ఫ్రిజ్జులో నీళ్ళు తాగేటప్పుడు నన్నడిగావా?" అంటుంది. తిట్టు పడకుండా ఆ మెట్లు దిగినవాడు లేడు.

రిటైర్డ్ టీచరు ఆదెయ్యగారు బీపీ మాత్రలు కొనుక్కుని, అక్కడే బీపీ చూపించుకునేవాడు. "నీతో మాట్లాడాక చూసుకుంటే, ఇంతకన్నా పెరగదని ధైర్యంగా ఉంటుందమ్మా" అనేవాడు.

ఇవన్నీ చిల్లర కోపాలు. అసలు పగ బజ్జీల మీద. షాపు మెట్ల పక్కన బాబ్జీ మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి వెంకటరావమ్మగారు ఏదో వంక పెట్టి మగాళ్ళందర్నీ షాపులోంచి తరిమేసి, షట్టరు సగానికి దించేస్తుంది. కాసేపటికి షట్టరు లేస్తుంది. లోపల్నుంచి ఒక ఆడమనిషి తలొంచుకుని దిగుతుంది. వెనకాల ఆవిడ గొంతు సెంటరు దాకా వినపడుతుంది: "ముందు ఆ బజ్జీలు మానెయ్. గ్యాస్ రాక ఇంకేమొస్తుంది?"

మన ఆడాళ్ళకి ఇంత గ్యాసేంటని పంచాయతీవాళ్ళు మంచినీళ్ళ ట్యాంకు రెండుసార్లు కడిగించారు. బాబ్జీ నూనె మార్చాడు, పిండిలో వాము రెట్టింపు చేశాడు, చివరికి చేతులు జోడించాడు.

"అక్కా, నా పొట్ట కొట్టమాకు."

"నువ్వు ఊరందరి పొట్టలూ కొట్టట్లా? పో."

మాధురి కూడా ఇదంతా చూసి నవ్వుకునేది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ మీద మేస్త్రీ ఆమె. ముప్ఫయ్యారేళ్ళు. నాలుగేళ్ళ కిందట నడుంనొప్పని వెళ్తే, ఒక మహానుభావుడు గర్భసంచీ, దాంతోపాటు అండాశయాలూ తీసేశాడు. పిల్లలు పుట్టారుగా, ఇంక ఎందుకన్నాడు. పత్తి చేలో కలుపు పీకేవాడు కూడా ఏది మొక్కో ఏది గడ్డో ఒకసారి చూసి పీకుతాడు. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం చెప్పలేదు.

అయిందేమిటంటే, మొగుడు కోటేష్ దగ్గరికొస్తే ఆమె ఒళ్ళు పలకడం మానేసింది. మనసు వెళ్ళినా ఒళ్ళు వెళ్ళదు. మంట, నొప్పి. తనంటే ఇష్టం పోయిందనుకున్నాడు కోటేష్. పల్లెత్తు మాటనలేదు, మంచం వసారాలో వేసుకున్నాడు. తిట్టినా బాగుండేదనుకుంది మాధురి.

గుంటూరులో లేడీ డాక్టరమ్మ అంతా విని, "హార్మోను ఆగిపోయిందమ్మా, నీ తప్పేం లేదు" అని లోపల రాసుకునే క్రీము ఒకటి రాసిచ్చింది. నొప్పి తగ్గాక కోరిక కూడా మెల్లిగా దారిలో పడుతుందని చెప్పింది. అక్కడే ఒక మందుల షాపులో చీటీ ఇస్తే, కౌంటర్లో వాడు దాన్ని పైకెత్తి, "ఒరేయ్, ఆడాళ్ళు కింద రాసుకునేది ఉందా మన దగ్గర?" అని లోపలికి కేకేశాడు. పక్కన నిలబడ్డ మగాళ్ళు తిరిగి చూశారు. ఒకడు నవ్వాడు. మాధురి చీటీ లాక్కుని వచ్చేసింది. ఆ షాపు గోడ మీదే గుర్రం బొమ్మతో మగాళ్ళ క్యాప్సూళ్ళ పోస్టరు ఉంది. దాన్ని చూసి మాత్రం ఎవడూ నవ్వడు. ఈ సంగతి చెబుతుంటేనే ఒళ్ళు మండుతుంది.

మార్చి నెలలో, ఇంక గతిలేక, ఆ చీటీ తెచ్చి వెంకటరావమ్మగారి ముందు పెట్టింది. షాపు నిండా జనం. ఆవిడ చీటీ చూసింది, మాధురి మొహం చూసింది, కళ్ళెర్రజేసింది. అయిపోయింది నా పని, ఇప్పుడు ఊరంతా వింటుంది అనుకుంది మాధురి.

"ఆదెయ్యగారూ, చెప్పులేసుకుని ఎక్కారేంటండీ? ఇది షాపా, చేపల మార్కెట్టా?"

"చెప్పులు కిందే ఉన్నాయమ్మా."

"కాళ్ళకి మట్టుందిగా. దిగండి. అందరూ దిగండి."

షట్టరు సగానికి దిగింది. వెంకటరావమ్మగారు స్టూలు లాగి మాధురిని కూర్చోబెట్టింది. ఆ గొంతు మెల్లిగా కూడా పలుకుతుందని మాధురికి అప్పుడే తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి పడుతున్నావే ఈ బాధ?"

"నాలుగేళ్ళు, పిన్నిగారూ. సిగ్గేసి..."

"సిగ్గు నీకెందుకు? కోసినవాడికి ఉండాలి. మగాడికి నీరసమొస్తే ఊళ్ళో గోడలన్నీ వాడికే. నీకొస్తే నోరు మూసుకోవాలా?" అది నిజం కోపం. పొద్దుట్నుంచీ తిట్టినవన్నీ దాని ముందు ముద్దుమాటలే. "డాక్టరమ్మ ఎంత చెప్పిందో అంతే రాసుకో. తేడాగా ఉంటే ఆవిడ దగ్గరికే పో. ఇంకోటి. నువ్వు మిరపకాయల్లో చేతులు పెట్టేదానివి. ఒట్టి సబ్బుకి ఆ ఘాటు పోదు. ముందు చేతులకి నూనె రుద్దుకో, ఆనక సబ్బు. పోయినేడు ఒకావిడ నా మాట వినకుండా రాసుకుని కూలరు ముందు నుంచి లేవలేదు."

నాలుగేళ్ళలో మొదటిసారి మాధురి ఆ విషయం మీద నవ్వింది. ఆవిడ ట్యూబు కాగితంలో చుట్టి, పైన గ్యాస్ మాత్రల షీటొకటి పెట్టి, షట్టరెత్తింది.

"ముందు ఆ బజ్జీలు మానెయ్."

మాధురి తలొంచుకుని మెట్లు దిగింది, నవ్వు కనపడకుండా. ఆ సాయంత్రం వీధిలో ఎదురైన ఆడవాళ్ళందర్నీ కొత్తగా చూసింది. చీరల పున్నమ్మకి గ్యాస్. అంగన్‌వాడీ ఉదయశ్రీకి గ్యాస్. ఏళ్ళ తరబడి ఈ మహాతల్లి ఎందర్ని గ్యాస్ కింద దాచిందో.

ఇంటికెళ్ళి కోటేష్‌కి డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. "నా మీద అసహ్యమేమో అనుకున్నా" అన్నాడతను. మందు పనిచేయడానికి టైము పట్టింది. మే నెలలో వసారాలో మంచం లోపలికొచ్చింది. ఏరా అని పక్కింటివాళ్ళడిగితే, బయట చలిగా ఉందన్నాడు. గుంటూరు జిల్లాలో, మే నెలలో.

మొన్న మాధురి షాపులో ఉండగా బాబ్జీ పెళ్ళాం శ్రీరమ్య వచ్చింది. చీటీ గుప్పిట్లో నలుగుతోంది. షాపులో జనం. వెంకటరావమ్మగారు వంక కోసం అటూ ఇటూ చూస్తోంది. ఆవిడ నోరు తెరిచేలోపే మాధురి లేచింది.

"ఏంటి ఆదెయ్యగారూ, ఆ గొడుగు ఎవరి కంట్లో పొడుద్దామని? దిగండి ముందు. అందరూ దిగండి."

"ఈ పిల్లకి కూడా ఆవిడ జబ్బే పట్టిందయ్యా" అంటూ ఆదెయ్యగారు మెట్లు దిగాడు. షట్టరు దించింది కూడా మాధురే.

కాసేపటికి శ్రీరమ్య తలొంచుకుని బయటికొచ్చింది. వెనకే ఆ కేక. "ముందు ఆ బజ్జీలు మానెయ్."

బాబ్జీ బాణలి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, అది నా బజ్జీ ఒక్కటి కూడా తినదు. నూనె వాసనే పడదు దానికి."

"చూశావా," అంది వెంకటరావమ్మగారు, "వాసనకే ఇంత గ్యాసొచ్చింది."