అంగీకి అంటని రంగు

సున్నానికి అంత ధరా! పోయిన వారం జనగామలో రంగుల దుకాణంలో అక్కా నేనూ నోళ్లు తెరిచిన సంగతి చెబితే ఈ కాలంవాళ్లు నవ్వుతారేమో గాని, నా ఈడు వాళ్లయితే నాలాగే గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. అక్క ఇంటికి రంగులు వేయించాలని వెళ్లాం. దుకాణం అతను కంప్యూటరు తెర మీద బొమ్మలు జరుపుతూ, మెరిసే రంగులు పాతబడ్డాయనీ, ఇప్పుడు కొత్త ఇళ్లవాళ్లంతా అడుగుతున్నది ఇదేననీ ఒక గోడ చూపించాడు. కుంచె గీతలు కనబడుతూ, ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా, మచ్చలు మచ్చలుగా ఉందా గోడ. "గిది సున్నమే గద బిడ్డా?" అని అడిగింది అక్క. సున్నం కాదట, సున్నంలా కనబడే రంగట, దుకాణం మొత్తంలో అంతకంటే ఖరీదైన డబ్బా లేదట!

ఈ మాట వినడానికి మా నాయిన లేకపోవడమే మంచిదైంది. ఆ సున్నాన్ని గోడల మీద నుంచి వదిలించడానికి ఆయన పడ్డ పరేషానీ అంతా ఇంతా కాదు.

మహబూబాబాద్‌ను మేమిప్పటికీ మానుకోట అనే అంటాం. అక్కడి బజారులో మా నాయినది సున్నం, ఎర్రమట్టి జాజు, నీలిమందు అమ్మే చిన్న దుకాణం. పెళ్లంటే ముందు ఇంటికి సున్నం పడాల్సిందే, పెళ్లి భోజనాలయ్యాక గోడకు ఆనుకుని కూర్చున్న మగవాళ్లంతా వీపుల మీద తెల్లటి అచ్చులతో లేవాల్సిందే, పక్కవాళ్లు అరచేత్తో టపటపా దులపాల్సిందే; మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే హైదరాబాదులో డిస్టెంపర్ అని ఒక పొడి రంగు వచ్చిందనీ, దాన్ని నీళ్లలో కలిపి వేస్తే చేతికి అంటుకోదనీ నాయిన తెలుసుకుని, మానుకోటలో మొదట తానే అమ్మాలని పట్టుబట్టాడు. ఎవరూ నమ్మలేదు. దాంతో పంతం పట్టి అక్క పెళ్లికి మా ఇంటికే పసుపుపచ్చ రంగు వేసి చూపిస్తానని బజారంతా చాటింపు వేశాడు. "పందిట్లకు రాండ్రి, గోడకు ఆనుకోండ్రి, అంగీకి అంటితె నేను దుకాణమే బంద్ చేస్త!" అని ఆయన అన్న మాట పిల్లల నోట కూడా పడింది.

అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం మొదటిసారి ఊళ్లకు ఊళ్లు లేచాయి. రోజూ బంద్‌లు, ఊరేగింపులు, లాఠీలు. రైళ్లు ఆగిపోయాయి, నాయిన తెప్పించిన రంగు సంచులు కాజీపేటలోనే చిక్కుకున్నాయి. రేపు పెళ్లనగా గోడలు మాత్రం తడి ఆరీ ఆరని కొత్త సున్నంతో తెల్లగా ఉన్నాయి, దాని మీద వేస్తానన్న పచ్చ రంగు లేదు. బజారులో మొహం చూపించేదెట్లా అని నాయినకు అన్నం సయించలేదు. ఆ బెంగలోనే ఆయనకో ఉపాయం తట్టింది. ఇంట్లో పెళ్లికి దంచిన పసుపు బోలెడంత ఉంది, గంజి ఉంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని తెలియనివాడేం కాదు, అందుకే సున్నం తగిలిన బక్కెట్టును కూడా దూరం పెట్టి, కొత్త గాబులో గంజీ పసుపూ కలిపించాడు. చామంతి పువ్వులా ఉంది రంగు, చూసి మేమంతా మురిసిపోయాం.

మా ఇళ్లకు ఎప్పుడూ సున్నం వేసే చాచా కుంచె ముంచి గోడ మీద పైనుంచి కిందికి ఒక్క గీత గీశాడు. అంతే, కళ్లముందే ఆ గీత ఎర్రబడింది! "యా అల్లా, గిదేంది సేఠ్!" అని చాచా కుంచె వదిలేశాడు. గాబులో పచ్చగా ఉన్నది గోడ మీద నెత్తురులా ఎర్రగా కారింది. గాబులోకి సున్నం రాకుండా అంత జాగ్రత్తపడ్డ మనిషి, గోడంతా సున్నమేనన్న సంగతి మరిచిపోయాడు! పైన మళ్లీ సున్నం కొడితే అదీ ఎర్రబడింది. ఇక చేసేదేం లేక, గీతలు గీతలుగా ఉండేకన్నా నయమని గోడలన్నీ అట్లాగే నింపేశారు. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఇంటికి ఈ నెత్తుటి రంగేమిటని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు దంతాలపల్లి నుంచి మగపెళ్లివారు బండ్లు కట్టుకుని దిగారు. అక్క అత్తగారు గోడల్ని చూసి మూతి బిగించింది. అది చూసి అమ్మ ప్రాణం సగం పోయింది. నాయిన అందరికీ చేతులు జోడించి, జర గోడకు ఆనుకోకండ్రని బతిమాలాడు. ఆనుకోండని చాటింపు వేసిన మనిషి ఇప్పుడు వద్దంటే వింటారా? మేలమాడుతున్నాడనుకుని కావాలనే ఇంకా గట్టిగా ఆనుకున్నారు. అసలే ఎండాకాలం, ఒంటినిండా చెమటలు, లేచేసరికి అందరి వీపులూ ఎర్రగా తడిసి ఉన్నాయి. వాళ్లు అట్లాగే బండ్లెక్కి అక్కను తీసుకుని వెళ్లిపోయారు.

బండ్లు ఊరు దాటాయో లేదో, ఎవరో వీధిలో అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "పెళ్లోళ్లను కొట్టిండ్రంట! ఈపులన్నీ నెత్తురేనంట!" దుకాణాల తలుపులు ధడేల్ ధడేల్మని మూతపడ్డాయి. ముందురోజే స్టేషన్ దగ్గర లాఠీదెబ్బలు తిన్న కాలేజీ పిల్లల అంగీల మీద నిజం నెత్తురు చూసిన ఊరు, నమ్మక ఏం చేస్తుంది? అమ్మ గడపలోనే కూలబడింది. అక్క ఆ బండిలోనే ఉందన్న మాట తప్ప మాకింకేం తోచలేదు. నాయిన చెప్పులు లేకుండా పరిగెత్తాడు, వెనక నేను.

ఊరి బయట బండ్లు ఆగి ఉన్నాయి. ఉద్యమంలో ఉన్న కాలేజీ పిల్లలు మా అక్క మామగారిని బలవంతంగా బోర్లా పడుకోబెట్టి గాయం కోసం వెతుకుతున్నారు, ఆయనేమో నన్ను వదలండ్రా అని మొత్తుకుంటున్నాడు. అంగీ ఎత్తితే వీపు మీద గీరు కూడా లేదు. నాయిన ఆ వీపు తడిమాడు, చెయ్యి వాసన చూసుకున్నాడు, దారి మధ్యలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు నోరు విప్పింది అక్క అత్తగారు. "ఏడువకు అన్నా. పిల్లనిచ్చినవు, గోడను సుత ఈపుల మీద ఇచ్చి పంపినవు, ఇంకేం గావాలె మాకు!" బండిలో ముసుగు కింద నుంచి అక్క నవ్వు వినబడింది. నా ప్రాణం అప్పుడు కుదుటపడింది.

ఇంకో వింత వినండి. కొన్నాళ్లకు సున్నం బాగా ఆరి, ఆ ఎరుపంతా తనంతట తానే తగ్గి, గోడలు పచ్చబడ్డాయి, నాయిన కోరుకున్న పచ్చే! పెళ్లయ్యాక ఎవరికి చూపించాలి? రైళ్లు నడిచాక సంచులు వచ్చాయి, మెల్లమెల్లగా మానుకోట అంతా డిస్టెంపర్‌కు మారింది, తర్వాత ప్లాస్టిక్ రంగులొచ్చాయి, ఎన్నో ఏళ్ల తర్వాత రాష్ట్రమూ వచ్చింది. నాయిన అప్పటిదాకా లేడు.

దుకాణంలో అక్క చాలాసేపు నిలబడి, అలసిపోయి, నమూనాకు రంగు వేసి ఉంచిన గోడకు ఆనుకుంది. తను ఇవతలికి రాగానే నా చెయ్యి దానంతటదే లేచి ఆమె వీపు మీద టపటపా దులిపింది. "ఏమీ అంటదమ్మా, కడిగినా పోదు" అని నవ్వాడు దుకాణం అతను. నిజమే, ఏమీ అంటలేదు. మా నాయిన గెలిచాడు. అయినా నా చెయ్యి వెంటనే తీయబుద్ధి కాలేదు, అక్క కూడా కదలకుండా అట్లాగే నిలబడింది.