కప్పు ఊపితే చాలని

బర్కాలో మా బావ పనిచేసే ఖర్జూర తోటకు వెళితే, అరబ్బు యజమాని తన ఇంట్లో కూర్చోబెట్టి చిన్న కప్పులో కాఫీ పోశాడు. చేదుగా ఉన్నా మర్యాద కోసం తాగాను. మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగాను. ఇంకోసారి పోయబోతుంటే బావ నవ్వాడు.

“బామ్మర్దీ, చాలనుకుంటే కప్పు ఊపాలె. లేకుంటే పోస్తనే ఉంటడు.”

ఊపగానే యజమాని ఆపేశాడు.

నా పక్కన ఇక్కడి బడిలో లెక్కలు చెప్పే పాలస్తీనా పెద్దాయన టీవీ చూస్తున్నాడు. గాజాలో మళ్ళీ బాంబులు. ఆయన చెల్లెలు అక్కడే ఉందట. యజమాని టీవీ కట్టేయబోతే వద్దన్నాడు. తన ఖాళీ కప్పును తెర వైపు చాపి, నీరసంగా ఊపాడు.

“మా నాన్న చాలన్నాడు. నేనూ చాలంటున్నాను,” అన్నాడు ఇంగ్లీషులో. “పోసేవాళ్ళు ఇటు చూడరు.”