నాన్న గొంతున్న ఆట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. కాబట్టి ఇది చదివి ఎవరైనా నాకు తాయెత్తు కట్టుకోమని సలహా ఇస్తే మర్యాదగా ఉండదని ముందే చెబుతున్నాను.

మాది ఒంటిమిట్ట దగ్గర మగ్గాల ఊరు. నాన్న చీరలు నేసేవాడు. అమ్మ నాకు చిన్నప్పటి నుంచి ఒకటే నూరిపోసింది. మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టేవేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. దయ్యమైతే ఒక్కసారే పిలుస్తుందట. మనిషైతే మళ్లీ పిలుస్తాడు, అప్పుడు పలకాలి. నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మ మాత్రం పక్కింటామె పిలిచినా రెండో పిలుపుకే పలికేది.

కడపలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాకు ఆటల పిచ్చి పట్టుకుంది. ఆడే పిచ్చి కాదు, తయారుచేసే పిచ్చి. బ్రౌజర్‌లో ఆడుకునే చిన్న చిన్న ఆటలు ఒక్కదాన్నే చేసి వెబ్‌సైట్లలో పెట్టేదాన్ని. కంచె దూకే మేకపిల్ల ఆట, దారం తెగకుండా చీర నేసే ఆట, ఇట్లాంటివి. వాటిలో చప్పుళ్లన్నీ మా ఇంటివే. మగ్గం ఆడే చప్పుడు, మేక అరుపు, అమ్మ రోట్లో కారం దంచే చప్పుడు.

ఆట ఓడిపోతే ఒక గొంతు రావాలి. నాన్నను మగ్గం దగ్గర నుంచి లేపి మైకు ముందు కూర్చోబెట్టాను. "ఓడిపోయినోళ్లను తరమడానికి నేనే దొరికినానా పాపా?" అని నవ్వి, గొంతు సవరించుకుని, "అయిపాయ పో!" అన్నాడు. ఆ ఒక్క మాటనే అన్ని ఆటల్లోనూ వాడుకున్నాను.

కొన్నేళ్లకు బ్రౌజర్లలో అలాంటి ఆటలు నడవడం ఆగిపోయింది. నేనూ ఉద్యోగంలో పడి వాటిని మరిచిపోయాను.

తర్వాత నాన్నకు గొంతు క్యాన్సర్ వచ్చింది. కర్నూలులో ఆపరేషన్ చేయిస్తే ప్రాణం కొన్నాళ్లు నిలిచింది కానీ మాట పోయింది. ఆఖరి రోజు ఆసుపత్రిలో అమ్మ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అమ్మకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. రాయమందామంటే పెన్ను పట్టే శక్తి కూడా లేదు. ఆ సాయంత్రమే పోయాడు.

అమ్మను కడపకు, నా దగ్గరికి తెచ్చుకున్నాను. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. "ఏం చెప్పబాయనో మీ నాయన. ఏమన్నా అడిగినాడేమో, ఇయ్యలేకపోతినే" అనేది. ఆ దిగులుకే మనిషి సగమైపోయింది. చూస్తూ కూర్చోవడం తప్ప నా వల్ల ఏమీ కాలేదు.

నాన్న గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఫోటోకే సిగ్గుపడే మనిషి, ఇక వీడియో ఎక్కడ తీయనిచ్చాడు? అప్పుడు గుర్తొచ్చాయి పాత ఆటలు. వాటన్నిటినీ మళ్లీ నడిచేలా చేసి, ఒకే సంకలనంగా కూర్చడం మొదలుపెట్టాను. పాత ఆటగాళ్లు అడుగుతున్నారని అందరికీ చెప్పాను. నిజానికి అదంతా ఆ ఒక్క మాట కోసమే.

ఎండాకాలం, ఆదివారం మధ్యాహ్నం. అమ్మ నా పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను చీర నేసే ఆట పెట్టి, కావాలనే దారం తెంపాను. "అయిపాయ పో!" వినిపిస్తుందని ఇద్దరం చెవులు రిక్కించాం.

"చౌడమ్మా" అని వినిపించింది.

నాన్న గొంతే. గట్టిగా కాదు, పక్కగదిలోంచి పిలిచినట్టు. చౌడమ్మ మా అమ్మ పేరు. ఆయన ఆమెను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. పెళ్లయిన కొత్తలో పెద్దవాళ్ల ముందు సిగ్గుపడ్డాడట, అదే అలవాటైపోయింది. "ఏమ్మే, యాడుండావు?" అనేవాడు, అంతే.

అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఆమె పలకలేదు. రెండో పిలుపు రాలేదు.

కాసేపటికి అమ్మ నా వైపు తిరిగి, చప్పుడు లేకుండా తన పేరును పెదాలతో పలికింది. మళ్లీ పలికింది. నోరు గుండ్రంగా అయి, పెదాలు మూసుకుని, తెరుచుకున్నాయి. ఆసుపత్రిలో మేం చూసింది సరిగ్గా అదే. "ఇదే పాపా. ఆ పొద్దు అనింది ఇదే" అని భోరుమంది. నేనూ ఏడ్చాను.

తర్వాత ఫైళ్లన్నీ జల్లెడ పట్టాను. నాన్న గొంతున్న ఫైలు ఒక్కటే, అందులో మాటా ఒక్కటే. పాత సీడీలోని అసలు రికార్డింగులోనూ అంతే. ఆ ఆటలో మళ్లీ మళ్లీ ఓడాను. "అయిపాయ పో!" తప్ప ఇంకేం రాలేదు. బాధలో అలా అనిపించి ఉంటుందని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. మరి ఇద్దరికీ ఒకే క్షణంలో ఒకే మాట ఎలా వినిపిస్తుంది? నాకైతే ఇప్పటికీ తెలియదు.

సంకలనం విడుదలైంది. ఓడిపోతే వచ్చే ఆ గొంతు భలే ఉందని ఆడినవాళ్లు రాస్తుంటారు. ఏదో పేరు వినిపించిందని మాత్రం ఎవరూ రాయలేదు.

నాన్న ఏం చెప్పబోయాడని అమ్మ ఇప్పుడు అడగడం లేదు. ఇంకో దిగులు పట్టుకుంది. "జన్మకొక్కసారి పేరు పెట్టి పిలిచినాడు పాపా. దయ్యమేమోనని పలకకపోతినే" అంటుంది.

రోజూ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ ఆట పెట్టమంటుంది. దారం తానే తెంపుతుంది. "అయిపాయ పో!" అంటాడు నాన్న. ఇప్పుడు అమ్మ రెండో పిలుపు కోసం ఆగదు.

"ఆఁ, ఈడే ఉండా" అంటుంది.