మింగావ్!

2008లో అమెరికాలో, ట్రాయ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పక్కింటి బ్రెజిల్ ఆవిడ మా పొయ్యి మీదే మొక్కజొన్న పిండితో పాల జావ కాచింది. చిన్నప్పుడు బడిలో అమెరికా వాళ్ళు పంపిన, పురుగులు పట్టిన పసుపు మొక్కజొన్న రవ్వ ఉప్మా తిన్నవాణ్ణి, నాకు అనుమానం ఉండదూ? మొహమాటానికి ఒక చెంచా మింగాను. మరీ నున్నగా జారింది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టనివాణ్ణి, కొంపదీసి ఇందులో గుడ్డు కలపలేదు కదా!

"ఎగ్ వేశావా?" అన్నాను.

ఆవిడ నవ్వుతూ, "మింగావ్! మింగావ్!" అంది.

"చూశావుటే అమ్మాయీ, నేను మింగేదాకా ఆగి ఎలా వెక్కిరిస్తోందో!" అంటూ సింక్ దగ్గరికి పరిగెత్తాను.

"అయ్యో నాన్నా, నువ్వు పేరు అడిగావనుకుంది, వాళ్ళ భాషలో ఆ జావ పేరే మింగావ్! ఎగ్ లేదు, నేను పక్కనే ఉన్నాగా!" అని అమ్మాయి పడీపడీ నవ్వింది.

తినేదానికి అదేం పేరండీ! చెత్తబుట్టలో గుడ్డు పెంకులు లేవని చూసుకుని వచ్చి కూర్చున్నాను.

ఆవిడ గరిటె చూపించి, "మింగావ్?" అంది.

"ఇంకా లేదమ్మా, వెయ్యి" అన్నాను.